నాలాకు 40 గజాలు ఇచ్చాం: మూడేళ్ల అనుభవం, 5కి 2.5 మార్కులు

మా పిండి గిర్నికి జొన్నలు పట్టించుకోవడానికి వచ్చేవాళ్లు ఈమధ్య డబ్బా కింద పెట్టకముందే అడుగుతున్నారు: "అక్కా, నాలాకు జాగా ఇచ్చిండ్రట కదా, పైసలు ఎంతొచ్చినయ్?" కింది కాలనీలో కూడా ఎర్ర పెయింట్ గీతలు పడ్డాయి, అందుకే ఈ ఆరా. మోటరు హోరులో ఒక్కొక్కరికీ అరిచి చెప్పే ఓపిక లేక మొత్తం ఇక్కడ రాస్తున్నా. హోటల్‌కి వేసినట్టే, వాన నీళ్లు పోయే నాలాను వెడల్పు చేయడానికి జరిగిన ఈ స్థలసేకరణకూ మార్కులు వేయాలంటే 5కి 2.5 వేస్తాను. అందులో ఆ అర మార్కు ఒకే ఒక్క మనిషిది, ఎందుకో కిందకు వచ్చేసరికి తెలుస్తుంది.

మాది హైదరాబాద్ శివారు. ఏ మున్సిపాలిటీ, ఏ ఆఫీసు, ఏ పథకం అన్నది మాత్రం రాయను. ఆ ఆఫీసువాళ్లలో సగం మంది ఇళ్లకు పిండి మా దగ్గర్నుంచే వెళ్తుంది.

మా ప్లాటు 200 గజాలు. వెడల్పు 40 అడుగులు, లోతు 45. ముందు ఇల్లు, వెనక కొంచెం ఖాళీ జాగా, చివర్న నాలా ఒడ్డుకు ఆనుకుని 12 అడుగుల రేకుల షెడ్డు, అందులో గిర్ని. నాలా అంటే మా అత్తగారి కాలంలో వాగే. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు ఇందులోంచి కింది చెరువుకు పోయేవి. గొలుసుకట్టు చెరువులన్నీ అలాంటివే కదా. తర్వాత పై చెరువు శిఖంలో ఇళ్లొచ్చాయి, నీళ్లు ఆగే చోటు తగ్గింది, పోయే దారి మాత్రం అదే 16 అడుగులు. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి సలహా తీసుకున్నారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించారు. అప్పుడు నీళ్లు ఆపడానికి ఊరి బయట బోలెడు జాగా ఉండేది. ఇప్పుడు ఊరి బయట అంటే మేమే.

2020 అక్టోబర్ 13, మంగళవారం రాత్రి ఏమైందో హైదరాబాద్‌వాళ్లకు చెప్పక్కర్లేదు. ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. మా షెడ్డులో నడుం లోతు నీళ్లు. రెండు మోటర్లు కాలిపోయాయి. బస్తాల్లో ఉన్న జొన్నపిండి తెల్లారేసరికి సిమెంటులా గడ్డకట్టింది, పారతో కొట్టి తీశాం. ఆ వాసన నెల రోజులు పోలేదు. అందుకని నాలా వెడల్పు చేస్తామని వచ్చినప్పుడు మా వీధిలో వద్దన్నవాళ్లు లేరు. 2021లో ప్రభుత్వం నాలాల అభివృద్ధికి 985 కోట్లతో మొదటి విడత ప్రకటించినప్పుడు మా ఆయన పేపర్ కట్ చేసి క్యాలెండర్‌కు గుచ్చాడు కూడా. కాబట్టి ఇది స్థలం ఇవ్వనని మొండికేసినవాళ్ల గోడు కాదు. ఇష్టంగానే ఇచ్చినవాళ్ల రివ్యూ.

2022 వేసవిలో మార్కింగ్‌కు వచ్చారు. ఇద్దరు కుర్రాళ్లు, ఒక టేపు, ఒక పెయింట్ డబ్బా. కనీసం గేటు కొట్టలేదు. పక్కింటి వదిన గోడ మీంచి కేకేస్తే బయటికి వెళ్లాను. అప్పటికే మా పక్క కాంపౌండ్ గోడ మీద ఎర్ర గీత, పక్కన బాణం గుర్తు, 13.5 అని అంకె. వెనక నుంచి పదమూడున్నర అడుగులు, అంటే 60 గజాలు. షెడ్డు మొత్తం పోతుంది. "నోటీసేది బాబూ?" అంటే "అదొస్తదమ్మా" అని టేపు చుట్టుకుని వెళ్లిపోయారు. అది వచ్చింది, నాలుగు నెలలకు. ఈ మొదటి అంకానికి నేను సున్నా ఇస్తాను. మనిషి పెరట్లో గీత గీసేముందు ఒక కాగితం ముక్క చేతిలో పెట్టడానికి ఖర్చేం అవుతుంది?

నోటీసు చదివితే ఇంకో సంగతి తేలింది. 60 గజాల్లో 18 గజాలు అసలు మాది కాదట, నాలా స్థలం మేం కలుపుకున్నామట. మాది 1994 రిజిస్ట్రేషన్. కాగితం తీసి హద్దులు చూస్తే తూర్పున 25 అడుగుల రోడ్డు, ఉత్తరాన ఫలానా ప్లాటు, దక్షిణాన ఫలానా ప్లాటు అని వివరంగా ఉంది. పడమరకు వచ్చేసరికి ఒకటే మాట, "నాలా". ఎన్ని అడుగుల నాలానో రాయలేదు. కొన్ననాడు ఆ ఒక్క అంకె రాయించుకోవాలని మాకెవరూ చెప్పలేదు. దాని కోసం ఎనిమిది నెలలు చెప్పులరిగేలా తిరిగాం. గ్రామ నక్షా, టిప్పన్, పాత లేఅవుట్ కాపీ అంటూ ఒక్కో బల్ల దగ్గర ఒక్కో కాగితం అడిగారు. చివరికి లేఅవుట్ కాపీ మాకు దొరికింది ఆఫీసులో కాదు, ప్లాట్లు అమ్మినాయన కొడుకు ఇంట్లో, అటక మీద ట్రంకు పెట్టెలో. అందులో నాలా పక్కన 16 అడుగులని స్పష్టంగా ఉంది. ఆ కాపీ చూశాక 18 గజాల మాట ఎత్తడం మానేశారు. "సారీ అమ్మా" అని మాత్రం ఎవరూ అనలేదు.

కింది కాలనీవాళ్లు ఈ పని ఇప్పుడే చేయండి. ఆఫీసు మొదట అడిగేది ఎంత స్థలం పోతుందని కాదు, ఆ స్థలం పట్టానా, ఆక్రమణా అని. పట్టా అని తేలితేనే మీరు యజమాని. లేదంటే మీకు రావాల్సింది డబ్బు కాదు, ఖాళీ చేయమనే నోటీసు. 2000 ఆగస్టు వరదల తర్వాత నగరంలో నాలాల మీద కిర్లోస్కర్ సంస్థతో సర్వే చేయించారు, 2003లో నివేదిక కూడా వచ్చింది. నాలాల పక్కన ఆక్రమణలు వేలల్లో ఉన్నాయని అప్పటి నుంచీ చెప్తూనే ఉన్నారు. అందుకే నాలా ఒడ్డున ఇల్లున్న ప్రతివాడినీ వాళ్లు ముందు దొంగగానే చూస్తారు. కోపం వచ్చినా నిజానికి అందులో కొంత న్యాయం ఉంది. మా వీధిలోనే ఒకరిద్దరు నిజంగానే కలుపుకున్నారు. పేర్లెందుకు.

ఇక అసలు సంగతికొస్తా. కాగితాల గొడవ నడుస్తుండగా మేమే డబ్బులు పెట్టి ఒక లైసెన్స్ సర్వేయర్‌ను పిలిపించాం. వయసులో మా తమ్ముడంత ఉంటాడు. మిషన్ స్టాండు మీద పెట్టి ఒక పూటంతా కొలిచాడు. నేను చాయ్ ఇస్తూ 60 గజాలు, 60 గజాలు అని వాపోతుంటే గ్లాసు కింద పెట్టి అన్నాడు: "అక్కా, ఎన్ని గజాలు పోతున్నయో తర్వాత చూద్దాం. కొత్త నాలా పది మీటర్లు దాటుతున్నదా, లేదా? అది అడుగు ముందు."

నాకేం అర్థం కాలేదు. కాగితం మీద గీసి చూపించాడు. 2012లో వచ్చిన 168 నంబర్ జీవో ప్రకారం నాలా వెడల్పు పది మీటర్ల లోపు ఉంటే దాని ఒడ్డు నుంచి 2 మీటర్లు బఫర్ వదలాలి. పది మీటర్లు దాటితే 9 మీటర్లు. బఫర్‌లో స్థలం మీ పేరు మీదే ఉంటుంది, పన్ను మీరే కడతారు, కట్టుకోవడానికి మాత్రం పర్మిషన్ రాదు. మొదటి డ్రాయింగ్‌లో కొత్త నాలా 36 అడుగులు, అంటే 11 మీటర్లు. మా 45 అడుగుల లోతులో పదమూడున్నర పోతే మిగిలేది ముప్పై ఒకటిన్నర. అందులో 9 మీటర్ల బఫర్ అంటే ఇరవై తొమ్మిదిన్నర అడుగులు. ఇంకా ఎంత మిగిలింది? రెండడుగులు. ఉన్న ఇల్లు ఉన్నన్నాళ్లు ఉంటుంది, రేపు పడగొట్టి కట్టుకోవాలంటే మా 140 గజాల్లో ముగ్గు వేసుకునేంత జాగా మిగులుతుంది.

తీసుకున్న 60 గజాలకు డబ్బిస్తారు. తీసుకోకుండానే చేతికి రాకుండా పోయిన 131 గజాలకు పైసా లేదు. ఈ లెక్క ఆఫీసులో ఒక్కరూ మాకు చెప్పలేదు. దాచారని అనను. గజాలు లెక్కేసే సెక్షన్ వేరు, నాలా గీసే సెక్షన్ వేరు, పర్మిషన్లు ఇచ్చే సెక్షన్ వేరు. మూడూ ఒకే మెట్ల మీద ఉన్నాయి కానీ ఒకరి ఫైలు ఒకరు చూడరు. నేను ఈ సర్వీసుకు సగం మార్కులు కోసింది ఇక్కడే.

వీధిలో పదకొండు ఇళ్లవాళ్లం కలిసి వెళ్లి అభ్యంతరం రాసిచ్చాం. అక్కడ ఒక ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఉన్నాడు, కొత్తగా ఉద్యోగంలో చేరిన అబ్బాయి. ఆ అర మార్కు ఇతనిదే. అందరూ "డిజైన్ అయిపోయిందమ్మా" అంటుంటే ఇతను మాత్రం కాగితం తీసుకుని చదివాడు. మర్నాడు తనే బండి మీద వచ్చి మా షెడ్డు వెనక అరగంట నిలబడ్డాడు. నీళ్లు తీసుకెళ్లడానికి వెడల్పు ఒక్కటే దారి కాదని, నాలా అడుగుభాగాన్ని ఇంకా లోతు చేసి, సిమెంటు గోడలతో నున్నగా చేస్తే తక్కువ వెడల్పులోనూ అంతే నీళ్లు వేగంగా పోతాయని మాకే పాఠం చెప్పాడు. మట్టి ఒడ్డుకు, చెట్టుకు, చెత్తకు నీళ్లు తగిలి నెమ్మదిస్తాయట. గిర్ని తిప్పేదాన్ని, గరుకు రాయికీ నున్నటి రాయికీ తేడా నాకు తెలియదా! మూడు నెలలకు డ్రాయింగ్ మారి వచ్చింది. 9 మీటర్ల వెడల్పు బాక్స్ డ్రెయిన్, అంటే కాంక్రీటు కాలువ. పది మీటర్ల లోపే కాబట్టి బఫర్ 2 మీటర్లే. మాది 9 అడుగులు పోతుంది, 40 గజాలు. అవతలి వైపు నాలుగున్నర అడుగులు. గోడ మీద రెండో ఎర్ర గీత పడింది.

ఇక పైసలు. రెండు దారులున్నాయి. ఒకటి 2013 భూసేకరణ చట్టం దారి. నోటిఫికేషన్, అభ్యంతరాలు, డిక్లరేషన్, అవార్డు అన్నీ వరసగా జరగాలి. రిజిస్ట్రేషన్ విలువ, చుట్టుపక్కల అమ్మకాల సగటు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది తీసుకుని, దానికి అంతే మొత్తం సొలేషియం (బలవంతంగా స్థలం తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు డబ్బు) కలుపుతారు. పాత 1894 చట్టంలో ఇది 30 శాతమే. పైగా స్థలం విలువ మీద ఏడాదికి 12 శాతం లెక్కన అదనంగా వస్తుంది. ఇంకా ఈ చట్టంలో 28వ సెక్షన్ అని ఒకటుంది. స్థలం ముక్క కోయడం వల్ల మిగిలిన ముక్కకు జరిగే నష్టం, వ్యాపారం మరో చోటికి మార్చుకునే ఖర్చు కూడా లెక్కలోకి తీసుకోవాలని అందులో ఉంది. మా గిర్నికి, మా బఫర్‌కు సరిగ్గా సరిపోయే మాట. రెండో దారి ఒప్పందం. కూర్చుని గజానికి ఇంత అని మాట్లాడుకోవడం, సంతకం పెట్టడం, చెక్కు తీసుకోవడం. త్వరగా అవుతుంది, కానీ సంతకం పెట్టాక ఇంకేమీ అడగమని రాసివ్వాలి. 28వ సెక్షన్ ఊసే ఉండదు.

మా వీధిలో రిజిస్ట్రేషన్ విలువ గజం 14 వేలు. బయట ధర 45 వేలు. చట్టం దారిలో వెళ్తే 40 గజాలకు 5 లక్షల 60 వేలు, సొలేషియంతో 11 లక్షల 20 వేలు, పైన ఆ 12 శాతం. ఆఫీసు ఒప్పందంలో మొదట 26 వేలంది, మూడు మీటింగుల తర్వాత 29 వేల దగ్గర ఆగింది. మొత్తం 11 లక్షల 60 వేలు. చుట్టుపక్కల అమ్మకాల సగటు చూపిద్దామని డాక్యుమెంట్లు తీస్తే అన్నీ 14 వేలే. నిరుడు పక్క వీధిలో 45 వేలకు కొన్నాయన కూడా కాగితంలో 14 వేలే రాయించాడు. ఎవరిని తిడతాం? మేం కొన్నప్పుడూ అదే చేశాం, స్టాంపు డ్యూటీ మిగిలిందని ఆ సాయంత్రం మిర్చి బజ్జీలు కూడా తిన్నాం.

కోర్టుకు వెళ్లే ఓపిక మాకు లేదు, ఒప్పందానికే వెళ్లాం. తప్పు చేశామా అంటే ఇప్పటికీ తేల్చుకోలేదు. ఖాళీ ప్లాటు ఉన్నవాళ్లకు ఒప్పందమే మేలనిపిస్తుంది. స్థలంలో వ్యాపారం నడిపేవాళ్లు మాత్రం సంతకానికి ముందు వకీలుకు చూపించండి.

టీడీఆర్ తీసుకోమని కూడా ఒకాయన చాలా చెప్పాడు. అంటే డబ్బు బదులు ఇంత బిల్టప్ ఏరియా అని సర్టిఫికెట్ ఇస్తారు, అదనపు అంతస్తు వేసుకునే బిల్డర్‌కు దాన్ని అమ్ముకోవాలి. రోడ్డు విస్తరణకు ఇచ్చేవాళ్లకు 400 శాతం దాకా ఇస్తారని ఊరించాడు. మాది రోడ్డు కాదు కదా సార్ అంటే దానికి జవాబు లేదు. ఆ సర్టిఫికెట్ పట్టుకుని నేను ఏ బిల్డర్ ఆఫీసు ముందు కూర్చోవాలి? పెద్ద స్థలం, తెలిసిన బిల్డర్ ఉన్నవాళ్లకు అది లాభమేమో. నలభై గజాల వాళ్లకు మాత్రం టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

షెడ్డుకు రూపాయి ఇవ్వలేదు. పర్మిషన్ లేని కట్టడం అన్నారు, అది నిజమే. ఉన్నమాట చెప్పాలంటే పాత నాలా లెక్క ప్రకారం కూడా మా షెడ్డులో సగం 2 మీటర్ల బఫర్‌లోనే ఉంది. కానీ అదే షెడ్డు అడ్రసు మీద ఏటా ట్రేడ్ లైసెన్స్ రెన్యూవల్ చేసి ఫీజు తీసుకున్నది ఎవరు, త్రీఫేజ్ మీటరు ఇచ్చింది ఎవరు అని నేను అడిగాను. ఎదుటాయన ఫ్యాన్ వైపు చూశాడు. కాంపౌండ్ గోడకు మాత్రం 62 వేలు కట్టారు.

చెక్కు విషయంలో ఒక్కటి గుర్తుపెట్టుకోండి. "ముందు స్వాధీనం రాసివ్వండి, చెక్కు వారంలో వస్తుంది" అంటారు. మా పక్కింటివాళ్లు అలాగే రాసిచ్చారు, ఆ వారం ఏడు నెలలకు పూర్తయింది. చట్టంలో మాత్రం పూర్తి పరిహారం ఇచ్చాకే స్వాధీనం తీసుకోవాలని ఉంది. మేం రిజిస్ట్రేషన్ రోజునే చెక్కు కావాలని పట్టుబట్టాం, వాళ్లు ముఖం చిట్లించారు కానీ ఇచ్చారు. 2024 ఫిబ్రవరిలో డబ్బు అకౌంట్లో పడింది, పది శాతం టీడీఎస్ పట్టుకుని. సీఏ రిటర్న్ వేసి దాన్ని వెనక్కి తెప్పించాడు. మీరూ వదిలేయకండి, లక్షకు పైన మాట.

పని మాత్రం బాగా చేశారు, ఇందులో వంక పెట్టను. షెడ్డు కూల్చేముందు వారం టైమిచ్చారు, జేసీబీ డ్రైవర్ గిర్ని రాయి బయటికి తీసేదాకా ఇంజన్ ఆపి కూర్చున్నాడు. ఇనుప కడ్డీలు దగ్గర దగ్గరగా కట్టారు, కాంక్రీటుకు తడి పట్టడం కూడా సరిగా చేశారు. మా ఆయన రోజూ వెళ్లి చూసేవాడు, మేస్త్రీలు ఆయన్ను ఇంజనీర్ సాబ్ అని పిలిచేదాకా వచ్చింది.

ఇబ్బందల్లా నాలా దిగువన ఉంది. మా దగ్గర్నుంచి దాదాపు 150 మీటర్ల అవతల ముగ్గురు అన్నదమ్ముల ప్లాటు. వాటాల కేసు నడుస్తోంది, డబ్బు ఎవరికివ్వాలో తేలక అక్కడ స్థలం తీసుకోలేదు. అంటే 9 మీటర్ల బాక్స్ వచ్చి వచ్చి ఆ ఒక్కచోట మళ్లీ 16 అడుగుల పాత నాలాలో దూరుతుంది. అది దాటాక మళ్లీ వెడల్పు. సీసా మూతి లాగా. నాలా పని ఎప్పుడూ కింది నుంచి పైకి రావాలి, కింద దారి సిద్ధమయ్యాకే పైన వెడల్పు చేయాలి. లేకపోతే పైనుంచి ఎక్కువ నీళ్లు, ఎక్కువ వేగంతో వచ్చి ఇరుకు దగ్గర పొంగుతాయి. ఈ మాట ఆ ఏఈ కూడా ఒప్పుకున్నాడు. ఎక్కడ స్థలం దొరికితే అక్కడ మొదలుపెట్టారట.

పోయిన వానాకాలం ఒక రాత్రి గట్టిగా కురిసింది. టార్చి పట్టుకుని వెళ్లి చూశాం. మా దగ్గర బాక్సులో నీళ్లు గోడకు మూడడుగుల కింద నల్లగా, వేగంగా పోతున్నాయి. పెరట్లో చుక్క లేదు. అదే సమయంలో ఆ ఇరుకు పక్కనున్న ఇళ్లవాళ్లు సామాన్లు మంచాల మీదకు ఎత్తుకుంటున్నారని పొద్దున తెలిసింది. వాళ్లు మా గిర్నికే వస్తారు. ఆ వారం బాకీ రాసుకోకుండా పట్టి ఇచ్చాను.

గిర్ని ఇప్పుడు ఇంటి ముందు గదిలో ఉంది. హాలు మాకు లేదు, వచ్చినవాళ్లు వరండాలో నిలబడాలి, మోటరు మొదలైతే టీవీ వినపడదు. కొత్త మీటరు కనెక్షన్‌కు, ఫౌండేషన్‌కు 1 లక్ష 40 వేలయింది. అది మా చెక్కులోంచే.

పక్క కాంపౌండ్ గోడ మీద రెండు ఎర్ర గీతలూ అలాగే ఉన్నాయి, 13.5 దగ్గర ఒకటి, 9 దగ్గర ఒకటి. మధ్యలో నాలుగున్నర అడుగుల జాగా. బఫర్ కాబట్టి అక్కడ ఏమీ కట్టుకోకూడదు, మా ఆయన కరివేపాకు మొక్క పెట్టాడు. బాగానే పట్టుకుంది. పిండి పట్టించుకోవడానికి వచ్చేవాళ్లు పోతూ పోతూ రెండు రెమ్మలు తెంపుకుపోతున్నారు.